తెఱవని గదికి గోడ కలదా?



ఇంటి లెక్కలు, పొలము కాగితములు, బంగారము కుదువబెట్టిన రసీదులు, పుట్టింటి ఉత్తరములు, ఇవి యన్నియు నొకప్పుడు భోషాణములో నుండెడివి. దాని తాళపుచెవి యిల్లాలి కొంగున ముడివడి యుండెడిది. నేడవి కంప్యూటరులోనికి వచ్చినవి. కొన్ని యిండ్లలో ఒక కంప్యూటరును మూలనుంచి, దానికి పెద్ద హార్డు డిస్కు తగిలించి, ఇంటివారందఱు తమ తమ యంత్రముల నుండి దానిలోని ఫైళ్లను చూచుకొనునట్లు ఏర్పాటు చేయుచున్నారు. ఆ కంప్యూటరునే సర్వరు అందురు. ఏర్పాటు చేయువారు చదువుకొన్న కుమారుడో కుమార్తెయో కావచ్చును. అందు దాచబడినవి మాత్రము ఎక్కువగా మనవే. కావున ఆ తాళము తీరు మనకును తెలిసి యుండవలెను.

ఈ నెల మేము ఒక్క ప్రశ్నను మాత్రమే తీసికొనుచున్నాము. సర్వరులో ఒక డైరెక్టరీని పదిమందికి తెఱచితిమి, తక్కినవానిని తెఱవలేదు. ఆ తెఱవనివాని గతి యేమి? "తెఱవలేదు గదా, ఎవరికిని కనబడదు గదా" యని పెక్కుమంది నిశ్చింతగా నుందురు. కనబడకుండుట వేఱు, కాపు కలిగియుండుట వేఱు. ఈ రెంటికిని గల భేదమును విశదపఱచుటయే మా యుద్దేశము.

పద్ధతి యెట్టిది?

లినక్సు కంప్యూటర్లలో ఇట్టి పంపకమునకు వాడబడు పద్ధతులలో ముఖ్యమైనది ఎన్.ఎఫ్.ఎస్., అనగా నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్. దుకాణములలో అమ్ము నాస్ పెట్టెలలో పెక్కింటను ఇది కలదు. దీనిని అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థవారు 1984లో రూపొందించిరి. రెండవ రూపపు నియమములు 1989లోను, మూడవదానివి 1995లోను, నాల్గవదానివి 2000లోను ప్రకటింపబడినవి. నాల్గవదానిని 2003లోను, మరల 2015లోను సవరించి వ్రాసిరి. నేడు మూడవ, నాల్గవ రూపములు వాడుకలో నున్నవి.

సర్వరులో "ఎట్సీ" అను డైరెక్టరీయందు "ఎక్స్‌పోర్ట్స్" అను చిన్న ఫైలు కలదు. ఏ డైరెక్టరీని, ఏ యంత్రములకు, ఎట్టి హక్కుతో ఇచ్చుచున్నామో అందు పంక్తికొకటిగా వ్రాయుదురు. ఇట్లు వ్రాసి తెఱచుటను ఎక్స్‌పోర్టు చేయుట యందురు. అవతలి యంత్రము దానిని తన డైరెక్టరీలలో నొకదానివలె తగిలించుకొనుట మౌంటు చేయుట.

ఒక యిల్లు అనుకొందము. సర్వరులో "డేటా" అను డైరెక్టరీ యున్నది. అందు "ఫొటోలు", "లెక్కలు", "ఉత్తరములు" అని మూడు డైరెక్టరీలు కలవు. పెండ్లికి వచ్చిన చుట్టములు చిత్రములు చూచుకొనుటకై "ఫొటోలు" మాత్రము ఎక్స్‌పోర్టు చేయబడినది. "లెక్కలు", "ఉత్తరములు" చేయబడలేదు.

తెఱవనిదానిని అడిగినచో సర్వరు ఏమనును?

మూడవ రూపములో, చుట్టము తన యంత్రము నుండి "లెక్కలు" మౌంటు చేయబోయినచో, సర్వరు "అనుమతి లేదు" అని గుమ్మముననే త్రిప్పి పంపును. "ఫొటోలు" లోనికి వచ్చి, అచ్చటి నుండి "పైమెట్టునకు పోనిమ్ము" అని కోరినను పోనీయదు. ఆ డైరెక్టరీయే కడపటి మెట్టయినట్లు నడచుకొనును.

నాల్గవ రూపములో మర్యాద మఱికొంత నాజూకైనది. ఎక్స్‌పోర్టయిన డైరెక్టరీలన్నిటిని సర్వరు ఒకే వృక్షముగా కూర్చి చూపును. "ఫొటోలు" చేరుటకు "డేటా" మీదుగా పోవలెను గదా! కాని "డేటా" ఎక్స్‌పోర్టు కాలేదు. అట్టిచోట సర్వరు ఒక నకిలీ నడవను కల్పించును. ఆ నడవలో నిలిచి చూచినచో "ఫొటోలు" తలుపొక్కటియే కనబడును. "లెక్కలు" అని పేరు పెట్టి యడిగినను "అట్టిది లేదు" అనియే జవాబు వచ్చును. ఆ నడవలో ఏమియు వ్రాయుటకును వీలు లేదు.

ఈ సందర్భమున మన యిండ్లలో కలుగు రెండు తికమకలను చెప్పవలసియున్నది.

మొదటిది. "లెక్కలు" వేఱొక డిస్కుమీద నుండి, ఆ డిస్కు "డేటా" లోపల మౌంటయి యున్నదనుకొందము. "డేటా" నంతటిని ఎక్స్‌పోర్టు చేసి, ఆ డిస్కును వేఱుగా ఎక్స్‌పోర్టు చేయనిచో, అవతలివారికి "లెక్కలు" అను డైరెక్టరీ కనబడును గాని లోపల శూన్యముగా నుండును. అది చూచి "లెక్కలన్నియు పోయినవి" అని గుండెలు బాదుకొన నక్కఱలేదు. అవి సర్వరులో క్షేమముగా నున్నవి. కాని ఆ ఖాళీ డైరెక్టరీలో క్రొత్త ఫైళ్లు వ్రాయరాదు. వ్రాసినచో అవి రెండవ డిస్కుమీదికి పోక, దాని క్రింద నున్న మొదటి డిస్కుమీద పడును. సర్వరులో కూర్చుండి వెదకినవారికి అవి కానరావు. చాపక్రింద జారిన చీటివంటివి. చాప యెత్తిన గాని దొరకవు.

రెండవది. "ఫొటోలు" లో ఒక సిమ్‌లింకు, అనగా దారి చూపు పలకవంటి ఫైలు, పెట్టి "ఇటు పోయిన లెక్కలు వచ్చును" అని వ్రాసినచో చుట్టములకు లెక్కలు చేరునని కొందఱి భ్రమ. పలకమీది దారిని చదువునది సర్వరు కాదు, చుట్టము యంత్రము. అది ఆ దారిని తనలోనే వెదకికొని, లేకున్న "లేదు" అనును. కావున సిమ్‌లింకు వలన తెఱవని గది తెఱచుకొనదు.

ఇంతవఱకు విన్నవారికి తెఱవని గదులు భద్రముగనే యున్నవని తోచును. తలుపు నడిగి వచ్చువానికి ఈ జవాబులన్నియు చాలును. అడుగక వచ్చువాని సంగతియే చిక్కు.

బిళ్ల సంగతి

కోవెల ముంగిట చెప్పులు భద్రపఱచు చోటును మీ రెఱుగుదురు. చెప్పులిచ్చిన వెంటనే ఒక బిళ్ల ఇత్తురు. తిరిగివచ్చి బిళ్ల చూపినచో ఆ సంఖ్య గల జత చేతికి వచ్చును. కావలివాడు మన ముఖము చూడడు; బిళ్లను చూచును.

ఎన్.ఎఫ్.ఎస్. పని చేయుటయు నిట్లే. ప్రతి ఫైలునకును, ప్రతి డైరెక్టరీకిని సర్వరు ఒక బిళ్ల నిచ్చును. దీనిని ఫైల్‌హేండిల్ అందురు. అటు పిమ్మట అవతలి యంత్రము పేరును గాని దారిని గాని పూర్తిగా చెప్పదు. బిళ్లను చూపి "దీనిని చదివి యిమ్ము" అనును. లినక్సు సర్వరు ఇచ్చు బిళ్లలో ముఖ్యముగా మూడు సంగతులుండును: ఏ ఫైల్‌సిస్టము, అందులో ఎన్నవ సంఖ్య గల ఫైలు, ఆ సంఖ్య ఎన్నవమాఱు వాడబడినది. ఫైల్‌సిస్టమనగా డిస్కులో నొక పార్టిషనుమీద ఏర్పఱచిన పూర్తి గిడ్డంగి. దాని లోపలి డైరెక్టరీలు ఆ గిడ్డంగిలోని అరలవంటివి.

చిక్కిచ్చటనే యున్నది. మన యింటిలో "ఫొటోలు", "లెక్కలు", "ఉత్తరములు" మూడును ఒకే ఫైల్‌సిస్టములో నున్నవి. "ఫొటోలు" బిళ్ల చేతగల దుర్బుద్ధి బిళ్లలోని మొదటి భాగమును అట్లేయుంచి, రెండవ భాగమున వేఱొక సంఖ్య చెక్కి చూపినచో ఏమగును? సర్వరు "ఈ గిడ్డంగి తెఱచినదే గదా" యని చూచును. "ఈ ఫైలు ఫొటోల అరలోనిదేనా" అని సామాన్యముగా చూడదు. అడిగినదానిని తెచ్చి ముందుంచును.

సంఖ్య నూహించుట అంత కష్టమా యందురేమో. లినక్సులో మిక్కిలి వాడుకలో నున్న ఎక్స్‌ట్4 అను ఫైల్‌సిస్టములో అన్నిటికంటె పై డైరెక్టరీ సంఖ్య ఎల్లప్పుడును 2. ఆ యొక్క సంఖ్యతో గిడ్డంగి నడినెత్తికి చేరినవాడు అచ్చటి పేర్లు చదువుకొనుచు, అనుమతులు అడ్డగింపని దారులన్నిటను దిగి రాగలడు. నాల్గవ రూపపు నకిలీ నడవ ఇచ్చట అక్కఱకు రాదు. అది నడచి వచ్చువానికి కట్టినది. వీడు నడవలో నడువనే లేదు.

ఫైళ్లమీది అనుమతులైనను అడ్డము రావా? వచ్చును, కాని ఎంతవఱకు? ఎన్.ఎఫ్.ఎస్. సామాన్య పద్ధతిలో మనిషి పేరును గాని సంకేతపదమును గాని అడుగదు. "నేను ఫలాని సంఖ్య గలవాడను" అని అవతలి యంత్రము చెప్పినదానిని నమ్మును. డెబియన్, ఉబుంటు, ఫెడోరా మొదలగు లినక్సులలో మొదట చేరిన మనిషికి 1000 అను సంఖ్య వచ్చును. మీ సర్వరులో మీరు 1000. చుట్టము తన యంత్రములో తాను 1000. సర్వరు దృష్టిలో ఇరువురు నొకరే! యంత్రమునకు సర్వాధికారియైన "రూట్" అను పేరుతో వచ్చువానిని మాత్రము సర్వరు నమ్మక, ఏ హక్కును లేని అనామకునిగా మార్చును. దీనిని రూట్‌స్క్వాష్ అందురు. అది మంచిదే. 1000 అని చెప్పుకొని వచ్చువానిని అది ఆపజాలదు.

పరీక్ష యున్నది, కాని దాని బాధలును కలవు

"బిళ్ల తెచ్చినప్పుడు అది ఏ అరలోనిదో సర్వరు చూచుకొనరాదా?" అని మీ రడుగుదురు. చూచుకొను ఏర్పాటు కలదు. ఎక్స్‌పోర్ట్స్ ఫైలులో "సబ్‌ట్రీ చెక్" అను మాట వ్రాసినచో, సర్వరు బిళ్లలో ఆ ఫైలు ఉన్న డైరెక్టరీ జాడనుకూడ చేర్చి, అడిగినప్పుడెల్ల ఆ జాడ తెఱచిన అరలోనికి వచ్చుచున్నదో లేదో పరీక్షించును.

కాని ఒకరు ఫైలు తెఱచి వ్రాసికొనుచుండగా మఱియొకరు దానిని వేఱు డైరెక్టరీకి మార్చినచో, బిళ్లలోని జాడ తప్పిపోవును. వ్రాసికొనుచున్నవారికి "బిళ్ల చెల్లదు" అని నడుమ అడ్డు వచ్చును. ఇట్టి బాధలు ఎక్కువగుటచే, లినక్సు ఎన్.ఎఫ్.ఎస్. పరికరముల 1.1.0 సంచిక నుండి, మనమేమియు వ్రాయనిచో ఈ పరీక్ష లేకుండుటయే నియమమైనది. కావున ఇండ్లలోని సర్వర్లలో, ఎవరైన కోరి పెట్టిన గాని, ఈ పరీక్ష యుండదు.

మఱి గోడ యెట్లు కట్టుట?

మేము చెప్పదలచిన సారము ఇదియే: ఎన్.ఎఫ్.ఎస్. పంపకములో డైరెక్టరీ గోడ కాదు, తెర. ఫైల్‌సిస్టమే గోడ. పదిమందికి ఇచ్చునదియు మనకై దాచుకొనునదియు ఒకే ఫైల్‌సిస్టములో నుండరాదు. బిళ్లలోని మొదటి భాగమున తెఱవని గిడ్డంగి గుర్తు వ్రాసి తెచ్చినవానిని సర్వరు ఏమాత్రము సందేహింపక త్రిప్పి పంపును.

దీనికి చేయవలసిన పనులను వరుసగా చెప్పుచున్నాము. ఏర్పాటు చేసినవారిని దగ్గఱ కూర్చుండబెట్టుకొని ఒక్కొక్కటి అడుగుడు.

1. పంపకమునకిచ్చు చిత్రములకు వేఱొక పార్టిషను గాని, వేఱొక డిస్కు గాని, ఎల్.వి.ఎమ్. పద్ధతిలో విభజించిన వేఱొక వాల్యూము గాని కేటాయించి, దానిమీద క్రొత్త ఫైల్‌సిస్టము నిర్మించి, దాని పై డైరెక్టరీనే ఎక్స్‌పోర్టు చేయవలెను. అందు చిత్రములు తప్ప మఱేమియు నుంచరాదు.

2. అది కష్టమైనచో తిరుగవేసి చేయవచ్చును. చిత్రములను ఉన్నచోటనే యుంచి, లెక్కలను, ఉత్తరములను ఎక్స్‌పోర్టు కాని వేఱు డిస్కుమీదికి మార్చుడు. ఫలమొక్కటియే, శ్రమ తక్కువ.

3. "బైండ్ మౌంటు" చేసితిమి, చాలును అని యెవరైన చెప్పినచో ఒప్పుకొనకుడు. అది ఒకే డైరెక్టరీని రెండవచోట చూపు అద్దమువంటిది. ఫైల్‌సిస్టము మాఱలేదు గనుక గోడయు లేవలేదు.

4. వేఱు డిస్కు పెట్టినవారును ఒక జాగ్రత్త పడవలెను. సర్వరు ఆగి మరల మొదలైనప్పుడు ఆ డిస్కు ఏ కారణము చేతనైన మౌంటు కాకపోయిన యెడల, దాని స్థానమున మొదటి డిస్కుమీది ఖాళీ డైరెక్టరీ మిగిలియుండి, అదియే ఎక్స్‌పోర్టగును. అప్పుడు మనము కట్టిన గోడ లేనట్లే. ఎక్స్‌పోర్ట్స్ పంక్తిలో "మౌంట్‌పాయింట్" అను మాట చేర్చినచో, డిస్కు నిజముగా మౌంటయి యున్నప్పుడే సర్వరు దానిని ఎక్స్‌పోర్టు చేయును.

5. రెంటిలో దేనికిని వీలు లేనివారు "సబ్‌ట్రీ చెక్" పెట్టుకొనవచ్చును. చిత్రములవలె చదువుటకే గాని పేర్లు, చోట్లు మార్చుట కంతగా ఉపయోగింపని డైరెక్టరీలకు అది తగును. ఇంటివారు దినదినము వ్రాసికొను డైరెక్టరీలకు తగదు.

6. చూచుటకే యిచ్చునది చదువు హక్కుతో మాత్రమే యిచ్చి, "ఆల్‌స్క్వాష్" అను మాటకూడ చేర్చుడు. అప్పుడు ఎవరు ఏ సంఖ్య చెప్పుకొని వచ్చినను సర్వరు వారిని అనామకులుగనే లెక్కించును. 1000 సంఖ్య చిక్కు తీరును. ఆ చిత్రములు అనామకులును చదువదగిన అనుమతి కలిగి యుండవలెను.

7. "క్రాస్‌మౌంట్" అను మాట పంక్తిలో నున్నదేమో చూడుడు. అది యున్నచో, ఎక్స్‌పోర్టయిన ఫైల్‌సిస్టము లోపల మౌంటయిన తక్కిన డిస్కులు వేఱుగా వ్రాయకున్నను తెఱచుకొనును. దాచుకొన్న డిస్కు ఆ లోపల నున్నచో గోడకు మన చేతనే ద్వారము పెట్టినట్లగును.

8. యంత్రముల పేరునకును, దాని వెంట హక్కులు వ్రాయు కుండలీకరణమునకును నడుమ ఖాళీ యుండరాదు. ఖాళీ పడినచో ఆ హక్కులు ఆ యంత్రములకు గాక లోకమునకెల్ల ఇచ్చినట్లు సర్వరు గ్రహించును. "ఈ యింటి యంత్రములు మాత్రమే వ్రాయవచ్చును" అనుకొన్నది "ఎవరైనను వ్రాయవచ్చును" అయిపోవును. ఒక్క ఖాళీ అక్షరమే గదా యనరాదు.

ఫైలు మార్చిన పిదప "ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్" అను ఆజ్ఞను "ఆర్ఏ" అను గుర్తుతో ఇచ్చిన గాని మార్పు అమలునకు రాదు. అదే ఆజ్ఞను "వి" గుర్తుతో ఇచ్చినచో, ఏ డైరెక్టరీ, ఎవరికి, ఏ హక్కులతో తెఱచియున్నదో, మనము వ్రాయక సర్వరు తనంతట చేర్చుకొన్న నియమములతో సహా కనబడును. ఈ పట్టికను ఒకసారి మీ కన్నులతో చూచుట మఱువకుడు.

"మన యింటిలో దొంగలెవరు?"

ఈ మాట మేము ఊహింపకపోలేదు. ఇంటికి వచ్చు చుట్టములను దొంగలుగా చూడుమని మేము చెప్పుట లేదు. వైఫై సంకేతపదము చెప్పిన ప్రతి ఇంటిలోను చుట్టముతో పాటు చుట్టము యంత్రముకూడ లోనికి వచ్చును. ఆ యంత్రములో ఏ దుష్ట ప్రోగ్రాము దాగియున్నదో చుట్టమునకును తెలియదు. మేడమీద అద్దెకున్నవారితో వైఫై పంచుకొను ఇండ్లును కలవు. ఇంటి వైఫైలోని యంత్రములన్నిటికి కలిపి ఒకే పంక్తిలో హక్కు వ్రాయుట వాడుక గనుక, వచ్చిన ప్రతి యంత్రమును ఆ పంక్తి ననుసరించి సర్వరు గుమ్మమునకు చేరగలదు. మనిషిని నమ్ముట మంచి గుణమే. మనిషితో వచ్చిన యంత్రమునుకూడ నమ్మవలసిన పని లేదు.

ఇంకొక సంగతియు నున్నది. ఇల్లు ఎంత పొత్తుగా నున్నను, స్త్రీకి తనదైన పెట్టె యొకటి యుండుట మన యిండ్లలో పాత ఆచారమే. పుట్టింటివారు పెట్టిన సొమ్ము, తల్లి వ్రాసిన ఉత్తరము, తాను పొదుపు చేసికొన్న నాలుగు రూకల లెక్క అందుండెడివి. దానిని తెఱచి చూచుటకు భర్తయైనను అడిగెడివాడు. పెట్టె కంప్యూటరులోనికి మాఱినంతమాత్రమున ఆ గౌరవము మాఱనక్కఱలేదు. వైద్యుని పరీక్షా పత్రము ముందుగా ఎవరు చదువవలెనో, తన సంపాదన లెక్క ఎవరికి చూపవలెనో నిర్ణయించుకొను హక్కు ఆ పత్రము గలవారిది. "కనబడదులే" అను ధీమామీద ఆ హక్కును నిలుపరాదు.

కావున ఈ నెలలో, ఇంటి సర్వరు చూచువారిని మీరు అడుగవలసినది ఒక్క మాట: "నేను దాచుకొన్నదియు, పదిమందికి ఇచ్చినదియు ఒకే ఫైల్‌సిస్టములో నున్నవా?" ఔనన్నచో, పైన చెప్పిన పనులలో మీ యింటికి తగినదానిని చేయించుకొనుడు. కాదన్నచో, ఆ పట్టికను చూపుమని చూచి, నిశ్చింతగా నుండుడు.